మూడో కుడికాలు

"బొంగరం! ఆ మిషన్ మీద నుంచి చెయ్యి తియ్యి. నేను వచ్చేదాకా ఏదీ ముట్టుకోకు. దారం, గుండీలు కొనుక్కుని ఇట్టే వచ్చేస్తా."

అమ్మ తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.

బొంగరం అంటే ఆమె పదేళ్ల కూతురు. అసలు పేరు స్కూల్లో టీచర్లకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. అన్నం తింటూ నడుస్తుంది, పళ్లు తోముకుంటూ గెంతుతుంది, హోంవర్కు నిలబడి చేస్తుంది. అలాంటి పిల్లను ఏదీ ముట్టుకోకుండా ఉండమంటే ఉంటుందా?

పైగా ఇంట్లో ఒకటే హడావిడి. సోమవారం నుంచి అమ్మ పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో చేరుతోంది. బొంగరం పుట్టాక ఆమెకు ఇదే మొదటి ఉద్యోగం. అందుకని బట్టలు తనే కుట్టుకుంటోంది. మూడు షర్టులు, ఒక బూడిదరంగు స్కర్టు, ఒక నీలం ప్యాంటు. ఏ షర్టయినా స్కర్టు మీదకీ నప్పుతుంది, ప్యాంటు మీదకీ నప్పుతుంది.

"కుట్టేది ఐదు, చూసేవాళ్లకు ఆరు జతలు!" అని మురిసిపోతోంది అమ్మ.

ఇక ప్యాంటు ఒక్కటే కత్తిరించాలి. నీలం గుడ్డ బల్ల మీద రెండు మడతలుగా పరిచి ఉంది. దాని మీద పాత న్యూస్‌పేపరుతో చేసిన కాలి ఆకారం ఉంది. ఒక్కో కాలికి ఒక్కో ముక్క, ముందు చిన్న వంపు, వెనక పెద్ద వంపు.

"అమ్మమ్మా, నేను కత్తిరించేస్తే అమ్మకి పని తగ్గుతుంది కదా?"

కిటికీ దగ్గర కూర్చుని స్కర్టు అంచు కుడుతున్న అమ్మమ్మ కళ్లజోడు పైనుంచి చూసింది. "ముట్టుకోవద్దని చెప్పి వెళ్లిందా లేదా?"

"ఆలస్యం అమృతం విషం అని నువ్వేగా అంటావు!"

"నిదానమే ప్రధానం అని కూడా అంటాను. అది మాత్రం నీ చెవికెక్కదు."

నిజంగానే ఎక్కలేదు. అమ్మమ్మ మంచినీళ్లకు వంటింట్లోకి వెళ్లిందో లేదో, కత్తెర బొంగరం చేతికి వచ్చేసింది. రెండు మడతలు కలిపి కోయబోతే కత్తెర కదలలేదు.

"ఓస్, మడత విప్పేస్తే సరి!"

మడత విప్పింది. పేపరు పెట్టి ఒక కాలు కోసింది. పేపరు పక్కకు జరిపి రెండో కాలు కోసింది. అంచు వంకర పోకుండా, నాలుక బయటపెట్టి మరీ కోసింది.

అమ్మ వస్తూనే కళ్లెర్రజేసింది. కానీ ఒక ముక్క చేతిలోకి తీసుకోగానే ముఖం మారిపోయింది. "చెప్పిన మాట వినవు గానీ, చెయ్యి భలే కుదిరిందే నీకు! చూడమ్మా, అంచు గీత గీసినట్టుంది."

బొంగరం కాళ్లు నేల మీద ఆగలేదు.

"ఈ రెండూ కలిపి గుండుసూదులు గుచ్చు. ఈలోగా నేను షర్టుకు గుండీలు కుడతా," అంది అమ్మ.

బొంగరం రెండు ముక్కల మెరుపువైపులూ, అంటే బయటికి కనిపించాల్సిన వైపులూ, ఎదురెదురుగా పెట్టింది. ఒకదాని పెద్ద వంపు ఇటు వచ్చింది, రెండోదాని వంపు అటు పోయింది. ఒకదాన్ని తిరగేసింది. వంపులు కలిశాయి గానీ, అలా కుడితే ఒక కాలికి వెలిసినట్టుండే లోపలివైపు బయటకు వస్తుంది. మళ్లీ తిప్పింది.

రెండూ కుడికాళ్లే!

మడత ఎందుకు వేస్తారో అప్పుడు తెలిసింది. మడత మీద కోస్తే రెండో ముక్క దానంతటదే ఎడమకాలవుతుంది.

చెప్పేద్దామని నోరు తెరిచింది. అమ్మ కూనిరాగం తీస్తూ గుండీ కుడుతోంది. బొంగరం మాట మార్చేసింది.

"అమ్మా, స్కర్టు ఒక్కటి చాలదా?"

"రోజూ అదే వేసుకెళ్లనా?"

"పళ్ల డాక్టరు దగ్గర అందరూ నోరు తెరుచుకుని పైకి చూస్తుంటారుగా. నీ ప్యాంటు ఎవరు చూస్తారు?"

అమ్మ, అమ్మమ్మ పడీ పడీ నవ్వారు. బొంగరానికి నవ్వు రాలేదు. లేచింది. నీళ్లు తాగింది. కూర్చుంది. మళ్లీ లేచింది.

"కాలుగాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు?" అంది అమ్మమ్మ.

అమ్మ మిగిలిన నీలం గుడ్డ అందుకుంది. "దీంట్లోంచి షర్టులకు కాలర్లు తీస్తా. ప్యాంటుకు జత భలే కుదురుతుంది." కత్తెర తెరిచి గుడ్డ అంచున పెట్టింది.

"ఆపమ్మా!"

కత్తెర ఆగింది.

"అవి రెండూ కుడికాళ్లే. మడత విప్పి కోసేశాను."

అమ్మ ముక్కలు కలిపి చూసింది. స్టూలు మీద కూలబడింది. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"గుండుసూదులు గుచ్చమన్నప్పుడే."

"మరి ఇంతసేపూ ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు మెచ్చుకున్నావు కదా. చెప్తే అది పోతుందని..." బొంగరానికి ఏడుపు ముంచుకొచ్చింది.

"నాకు చాలా కోపంగా ఉంది," అంది అమ్మ. "షాపులో ఈ గుడ్డ అయిపోయింది కూడా." టేపు తీసి మిగిలిన గుడ్డ కొలిచింది. "కాలర్లు మానేస్తే ఒక కాలు వస్తుంది. నువ్వు ఇంకాసేపు నోరు మూసుకుని ఉంటే అదీ దక్కేది కాదు."

గబగబా గుడ్డ పరిచి, పేపరు పెట్టి, సుద్దతో గీసింది. బొంగరం ముక్కు తుడుచుకుంటూ వచ్చి, తను కోసిన కుడికాలు ఆ గీత మీద పెట్టి చూసింది. అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

అమ్మ ముఖం ఇంకా ధుమధుమలాడుతోంది. ఇప్పుడు నోరు విప్పాలంటేనే భయమేసింది. అయినా ఈసారి నీళ్లు తాగడానికి వెళ్లలేదు.

"అమ్మా, ఆగు. ఇదీ కుడికాలే."

"నువ్వింక మాట్లాడకు..." అంటూనే అమ్మ వంగి చూసింది. సుద్ద చేతిలోంచి జారిపోయింది.

"పిల్లకి ఎవరి పోలిక వచ్చిందో ఇప్పుడు తెలిసింది!" అంది అమ్మమ్మ.

అమ్మకు నవ్వాగలేదు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "సోమవారం తలుచుకుంటే నా చేతులూ ఆగడం లేదే. మంచిపని చేశావు, ముందే చెప్పావు."

బొంగరం పేపరు తిరగేసింది. అమ్మ పాత గీత దులిపేసి, కొత్తగా గీసి, కత్తెర తీసుకుంది.

"కొయ్యనా?"

బొంగరం కుడికాలు బోర్లా పెట్టి, గీత వెంట వేలు జరుపుతూ వెళ్లింది. చిన్న వంపు మీద చిన్న వంపు, పెద్ద వంపు మీద పెద్ద వంపు. పైనుంచి కిందికి ఒకసారి, కిందనుంచి పైకి ఇంకోసారి.

తర్వాత రెండు అరచేతులూ గుడ్డ మీద ఆనించి, కదలకుండా నిలబడింది.

"ఇప్పుడు కొయ్యమ్మా. నిదానంగా."