ఐదు నిమిషాల బోర్డు

మూడు గంటలపాటు సాగే మేనేజ్‌మెంట్ క్లాసులో ఇరవయ్యో నిమిషానికే అద్దాల కొట్టతను లేచి నిలబడ్డాడు.

"టీచర్ గారూ, పాఠం బాగుంది. కానీ ఇది వినాలంటే కొట్టు మూసుకోవాలి. మూసుకున్నాక ఇక మేనేజ్‌మెంట్ దేనికి చెయ్యను?"

హాల్లో ఉన్న చిన్న వ్యాపారులంతా నవ్వారు. టీచర్ ముఖం ఎర్రబడింది. అయినా పెన్ను తీసి, ఆ మాటే నోట్‌బుక్‌లో రాసుకుంది. తనని తప్పుపట్టినవాడి మాట దాచుకునే మనిషి ఎక్కడా నష్టపోదని అతనికి అనిపించింది.

మర్నాడు ఆమె అతని కొట్టుకొచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఏం కావాలండీ?"

"ఏమీ వద్దు. మీకు తీరిక ఎంతుందో చూద్దామని."

"గాజుపొడి అంటుకుంటుంది."

"దులుపుకుంటాను."

సాయంత్రానికి తేలింది. ఒక గిరాకీకీ ఇంకో గిరాకీకీ మధ్య పన్నెండు నిమిషాలకి మించి ఖాళీ లేదు. ఆమె మూడు గంటల పాఠాన్ని పన్నెండు నిమిషాల ముక్కలుగా కోసింది. ముక్కకొక్కటే పని. హాలు వదిలేసి, కొట్టు కొట్టుకీ తిరిగి చెప్పసాగింది. వ్యాపారులు ఆమె కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది ఎవరో అతని అక్కకి తెలుసు.

అతను కాలు బయటపెడితే చాలు, తలుపు దగ్గరకు వేసి బోర్డు తగిలించేవాడు: 'ఐదు నిమిషాల్లో వస్తాను.'

"ఐదు నిమిషాలు గారూ, లోపల మీ అక్కగారు ఉన్నారుగా. బోర్డెందుకు?" అని టీచర్ ఆటపట్టించింది.

"అక్క ఫ్రేములు బిగిస్తుంది. అద్దం కొయ్యదు. చిన్నప్పుడు చెయ్యి తెగింది."

"తెగింది పదకొండేళ్ళప్పుడురా," లోపల్నుంచి అక్క అంది. "ఇప్పుడు నాకు నలభై ఒకటి."

ఒకరోజు వాన పట్టుకుంది. గిరాకీ లేదు. పాఠం అయిపోయినా ఆమె కదల్లేదు.

"బేరాలాడే మనిషిని, తిప్పి చెప్పడం రాదు," అన్నాడతను. "మీరు రాని రోజు నాకు నష్టంగా ఉంటోంది. పెళ్ళి చేసుకుందామా?"

ఆమె వానకేసి చూసింది.

"మా నాన్నకీ కొట్టుండేది. ఆస్పత్రిలో కూడా తాళంచెవి గుప్పిట్లోనే ఉంది. ఆయన వచ్చే ఐదు నిమిషాల కోసం అమ్మ జన్మంతా కూర్చుంది. అందుకే ఈ ట్రైనింగ్ పట్టుకున్నాను. మీరంటే ఇష్టమే. కానీ అలా కూర్చోవడం నావల్ల కాదు."

అతను తలుపుకున్న బోర్డుకేసి చూశాడు.

"చివరి పాఠం మిగిలింది. ఒక పూట మీరు లేకుండా కొట్టు నడవాలి. ఫోన్ చెయ్యకూడదు. అది అయ్యాక అడగండి."

మొదటిసారి వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. రెండోసారి ఎదురుగా టీ కొట్లో కూర్చుని, కొట్టువైపే చూస్తూ టీ చల్లార్చుకున్నాడు. అద్దం కావాలని వచ్చినవాళ్ళు ఉత్తచేతులతో వెళ్ళిపోవడం చూసి పరిగెత్తుకొచ్చాడు.

"చూశావా అక్కా, నేను లేకపోతే ఇంతే."

అక్క చెయ్యి చాపింది. "నీ జేబులో ఏముందో తియ్యి."

తీశాడు. అద్దం కోసే కట్టర్. నాన్న వాడినది.

"వెళ్ళిన ప్రతిసారీ దీన్ని వెంట తీసుకుపోయేవాడివి. దేంతో కొయ్యమంటావురా, గోళ్ళతోనా?"

తాను ఇన్నాళ్ళూ అక్కని కాపాడుతున్నాననుకున్నాడు. అక్క అరచేతిలో పాత గీత సన్నగా కనిపిస్తోంది. కట్టర్‌ని ఆ గీత మీదే పెట్టాడు. అక్క వేళ్ళు మూసుకున్నాయి.

"వెళ్ళు," అంది, బయట మొదలైన వానకేసి చూపిస్తూ. "వాన అంటే ఆ అమ్మాయికి ఇష్టమో భయమో కూడా నీకింకా తెలీదు."

ఇష్టమేనట. ఆ మధ్యాహ్నం చెరువుగట్టున తడుస్తూ నడుస్తుంటే చెప్పింది. అతని చెయ్యి రెండుసార్లు ఖాళీ జేబులోకి పోయింది. మూడోసారి ఆమె ఆ చెయ్యి పట్టుకుంది.

పొద్దువాలే వేళకి ఇద్దరూ తిరిగొచ్చారు. కొట్టు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల అక్క కిటికీ అద్దం కోస్తోంది, తలెత్తలేదు. బోర్డు మీద పాత మాట కొట్టేసి, కింద సుద్దతో రాసి ఉంది:

'తమ్ముడు ఈ పూటకి రాడు. నేనున్నాను.'

టీచర్ అది రెండుసార్లు చదువుకుంది.

"ఇప్పుడు అడగండి," అంది.