జాబితాలో లేని పొడి

ఆ ఉదయం భానుమూర్తి మాస్టారు స్కూలుకి తయారవుతున్నారు. హాల్లో కూతురు నిహారిక చాప మీద కూర్చుని వకీలు అడిగారని, పరీక్షకి ముందు తను తిన్నవాటి జాబితా రాస్తోంది.

"కార్తీకంలో నేనున్న పది రోజులూ పొద్దున్నేం తిన్నానమ్మా?"

"ఏటుంటాది, ఇడ్లీ, చోడి అంబలి. అంబలి మీ నాన్నే కలిపి ఇచ్చీవారు," వంటింట్లోంచి కమల చెప్పింది.

బొత్తాం పెట్టుకుంటున్న మాస్టారి చెయ్యి ఆగిపోయింది.

పలాస నుంచి వెళ్ళి దేశదేశాల్లో టెన్నిస్ ఆడిన పిల్ల నిహారిక. ర్యాంకు మూడువందల లోపుకి వచ్చిన ఏడాదే డోపింగ్ పరీక్షలో పట్టుబడింది. ఒంట్లో స్టెరాయిడ్ ఉందన్నారు. పేపర్లో పడిన రోజు మాస్టారు, "నా పరువు గంగలో కలిపావు," అని మాట్లాడటం మానేశారు. రెండు నెలలైంది. స్టాఫ్‌రూములో తోటి మాస్టారు జగదీశ్వరరావు ఓదార్చబోతే, "తప్పు తప్పే. కూతురైతే ఏటి," అన్నారు.

నెల తిరక్కుండానే ఆయనకి అసలు సంగతి తెలిసింది. సోంపేట దగ్గర ఒక నాటువైద్యుడు తన పొడుల్లో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలుపుతున్నాడని అధికారులు పట్టుకున్నారు. కూతురి మోకాలి నొప్పికని మాస్టారు తెచ్చింది ఆ పొడే. డాక్టరు చీటీ లేని మందు ముట్టదని ఆమెకి చెప్పకుండా రాగి అంబలిలో కలిపారు. తిట్టిన నోటితో తప్పు నాదని చెప్పలేక, కోపం నటిస్తూ రోజులు నెట్టుకొచ్చారు.

"నాన్నా, అంబలిలో ఇంకేమైనా వేశారా? వకీలు గారు అడుగుతున్నారు."

"మజ్జిగ. ఉప్పు," అన్నారు గోడకేసి చూస్తూ.

ఆమె అదే రాసి కాగితం అందించింది. "కింద మీ సంతకం కావాలట."

మాస్టారు కలం తీశారు. సంతకం చోటుకి పైన చివరి వాక్యం ఉంది: 'మా నాన్న నాకు తెలియకుండా నాకేమీ పెట్టరు.'

కలం కదల్లేదు. ఆయన చాప అంచున కూతురి పక్కనే కూర్చున్నారు.

"పెట్టానమ్మా," అని మొదలెట్టి, తలెత్తకుండా అంతా చెప్పారు.

కమల గరిటెతోనే బయటికొచ్చింది. "పిల్ల ఏడుత్తంటే సూత్తూ కూసున్నారా?"



నిహారిక ఆయన చేతిలోని కాగితం వైపు చూస్తూ అంది. "పొడి నా మంచికే కలిపారు. దానికి బాధ లేదు నాన్నా. నేనే ఎక్కడో ఏదో తినేశాననుకున్నాను. నన్ను నేను నమ్మడం మానేశాను. అది చూసి కూడా ఊరుకున్నారు."

మాస్టారు ఆ కాగితం వెనక్కి తిప్పి, జరిగింది జరిగినట్టు తన చేత్తో రాసి సంతకం పెట్టారు. స్కూల్లో ప్రేయరయ్యాక స్టాఫ్‌రూములో నిలబడి, "మా అమ్మాయి తప్పేమీ లేదు. మందు పెట్టింది నేను. తెలిసీ దాచాను," అన్నారు. జగదీశ్వరరావు ఒక కుర్చీ ఆయన దగ్గరికి జరిపాడు. దానిలో కూర్చోవడానికి ఆయనకి సిగ్గేసింది.

విచారణలో ఆయన మాట నమ్మారు. రెండేళ్ళనుకున్న నిషేధం పది నెలలైంది. ఆడాల్సిన టోర్నీలు పోయాయి, ర్యాంకూ జారిపోయింది.

తీర్పు వచ్చిన సాయంత్రం ఆయన అరుగు మీద ఒక్కరే కూర్చున్నారు. జీడిపిక్కలు కాల్చే వాసన వీధంతా కమ్ముకుంది. నిహారిక వచ్చి పక్కన కూర్చుంది.

"రేపట్నుంచి పరుగు మొదలెడతాను. ఐదింటికి లేపండి నాన్నా."

ఇన్ని నెలలూ ఆ మొహం చూడలేకపోయిన మనిషికి, ఇప్పుడు చూద్దామంటే కన్నీళ్ళలో ఏమీ కనపడలేదు.

"లేపుతాను తల్లీ," అన్నారు.