చిట్టియ్య లాకు దగ్గర నిండు ట్యాంకు

చిట్టియ్య లాకు దగ్గరికి వచ్చేసరికి ఎంతటి పోకిరీ అయినా హారన్ కొట్టడం మానేస్తాడు. ఫోనులో పాట పెట్టుకుని వచ్చేవాడు పాట ఆపేస్తాడు. ఎందుకని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు. "ఆయనకి గోల నచ్చదండి" అంటారు... అంతే.

ఆయనంటే చిట్టియ్య. కాలువలో పడవలు తిరిగిన రోజుల్లో ఆ లాకుకి కాపలాదారు. లాకంటే ఏంటో ఇప్పటి పిల్లలకి తెలీదు కాబట్టి చెప్తాను. కాలువలో నీళ్లు ఒకచోట ఎత్తులోనూ, ఆ పక్కనే పల్లంలోనూ ఉంటే, మధ్యలో రాతిగోడలతో గదిలా కట్టి రెండు వైపులా తలుపులు పెడతారు. పడవ ఆ గదిలోకి రాగానే తలుపు మూసి, లోపల నీళ్లు నిండి అవతలి నీటితో సమానమయ్యేదాకా ఆపుతారు. అప్పుడు రెండో తలుపు తీస్తారు. ఆ ఆపడమే చిట్టియ్య ఉద్యోగం.

"ఆగు... నిండనీ."

ముప్ఫై ఏళ్లపాటు ఆయన నోట ఈ రెండు మాటలు తప్ప మూడోది వినలేదంటారు. ఒక వానాకాలం రాత్రి తలుపు తిప్పుతూ కాలు జారి ఆ గదిలోనే పడిపోయాడు. తెల్లారి చూస్తే గట్టు మీద సగం కాలిన బీడీ ఒక్కటే ఉందట.

తర్వాత పడవలు పోయాయి. తలుపులు తుప్పు పట్టాయి. కాపలాదారు ఇంటి కప్పు కూలింది. చిట్టియ్యకి మాత్రం రిటైర్మెంటు ఆర్డరు ఎవరూ ఇచ్చినట్టు లేదు. తెల్లవారకముందు ఆ దారిన వెళ్లే బళ్లని ఇప్పటికీ ఆపుతూనే ఉంటాడని మా ఊళ్లో చెప్పుకుంటారు.

ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో సైన్సు చెప్తున్నాను. ఈ కథని ఇరవై రెండు రకాలుగా విన్నాను. విని, నవ్వి, నా పాఠం నేను చెప్పుకునేవాణ్ణి. జూన్‌లో ఒక ఆదివారం సాయంత్రం త్రిమూర్తులు మా ఇంటికి వచ్చేదాకా.

త్రిమూర్తులిది గోదారి మీద వేటకెళ్లే కుటుంబం. ఇప్పుడు వేట తమ్ముళ్లకి వదిలేసి, వాళ్లు తెచ్చిన చేపల్ని పాత మోటారుసైకిల్ మీద తణుకు తీసుకెళ్లి అమ్ముతాడు. వాళ్లమ్మాయి రమ్యశ్రీ మా బడిలో పదో తరగతిలో ఫస్టు వచ్చింది. తణుకు కాలేజీలో సీటు వచ్చింది. శుక్రవారంలోగా చేరాలి. రోజూ తెల్లవారుజామున నాన్న బండి మీదే వెళ్లి, కాలేజీ వేళ దాకా అక్కడ మేనత్త ఇంట్లో ఉండేలా అన్నీ మాట్లాడుకున్నారు.

"చేర్చట్లేదండి మాస్టారూ" అన్నాడు, తలెత్తకుండానే.

"అదేంటయ్యా? ఏం ముంచుకొచ్చింది?"

అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"చిట్టియ్య గారు నా బండి ఆపుతున్నారండి."

నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను. బడిలో అయినా, బయట అయినా చెప్పేవాణ్ణి పూర్తిగా చెప్పనివ్వడం నా అలవాటు.

అతను చెప్పింది ఇది.

త్రిమూర్తులు ప్రతి మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి మా ఊరి బంకులో ట్యాంకు నిండా పెట్రోలు పోయిస్తాడు. వారానికి ఒక్కసారే. ఎందుకంటే ఒకసారి పోసేటప్పుడు పెట్రోలు ఒలికి, వెనకాల చేపల పెట్టె మీద కప్పిన గోనెకి తగిలింది. ఆ రోజు తణుకులో కొరమేను కొన్నావిడ మధ్యాహ్నానికి కూరగిన్నెతో సహా వచ్చి, "త్రిమూర్తులూ, ఇది చేపలపులుసా, ఇంజనాయిలా?" అని నలుగుర్లో కడిగేసింది. అప్పట్నుంచి ఒక్క చుక్క ఒలకనివ్వడు. మూత ఎన్నిసార్లు తీస్తే అన్నిసార్లు ప్రమాదం కాబట్టి వారానికొక్కసారే తీయడం, అంచుదాకా నింపడం.

"మూడు వారాల కిందట మొదలైందండి. బంకు నుంచి లాకు ఎనిమిది కిలోమీటర్లు. సరిగ్గా అక్కడికి రాగానే... బండి దగ్గింది. లైటు గుడ్డిదైంది. ఆగిపోయింది."

"తర్వాత?"

"కిక్కు కొట్టానండి. ఉఁహూఁ. పెట్రోలేమైనా కారిపోయిందా అని మూత తీశాను..."

ఇక్కడ ఆగాడు. చేతి మీద రోమాలు లేచి ఉండటం నాకు కనిపించింది.

"ఎవరో దమ్ము లాగారండి. ట్యాంకు లోపల్నుంచి... స్స్‌స్స్‌స్... అని. బీడీ పీల్చినట్టు."

"ఆఁ."

"చూస్తే పెట్రోలు నిండుగా ఉంది. మూత పెట్టి కొడితే ఒక్క కిక్కుకే స్టార్టయింది!"

రెండో మంగళవారమూ అంతే. వాళ్లావిడ లోవమ్మ ఒక ఉపాయం చెప్పింది — చిట్టియ్య గారికి బీడీ అంటే ప్రాణం, ఓ బీడీ పెట్టు, నీ బండిలోది కూడా కాస్త పొయ్యి అని. మూడో మంగళవారం బండి ఆగగానే మూత తీసి, మూతలో పట్టినంత పెట్రోలు గట్టు మీద పోశాడు. దూరంగా ఓ బీడీ పెట్టాడు. దణ్ణం పెట్టాడు. బండి పరిగెత్తింది.

"బీడీ వెలిగించి పెట్టావా?"

"అబ్బే, పెట్రోలు కదండీ! వెలిగించుకోవడం ఆయనకి తెలీదా ఏంటి?"

"మిగతా రోజుల్లో ఆగదా?"

"ఆగదండి. నిండు ట్యాంకు ఉన్న రోజే. ఆయనకి నిండటం చూడాలండి. బతికున్నప్పుడూ అదే కదా పని..." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నన్నంటే బీడీ తీసుకుని వదిలేస్తున్నారు. వెనకాల పదహారేళ్ల పిల్ల కూర్చుంటే? ఏమడుగుతారో ఎవరికి తెలుసండి?"

దెయ్యం లేదని చెప్పొచ్చు. మూడుసార్లు ఆగిన బండిని ఆగలేదని ఎలా చెప్తాను?

"మంగళవారం నేనూ వస్తాను" అన్నాను. "కళ్లారా చూస్తాను. నిజంగా చిట్టియ్యే అయితే అమ్మాయిని పంపొద్దు. కాకపోతే శుక్రవారం నువ్వే తీసుకెళ్లి చేర్పించాలి. సరేనా?"

"సరేనండి... మీరూ ఓ బీడీ కట్ట తెచ్చుకోండి."

మంగళవారం నాలుగింటికి బంకులో ఉన్నాం. పంపు దగ్గర శ్రీదుర్గ — నా దగ్గర చదివిన పిల్లే — నన్ను చూసి నవ్వింది.

"మాస్టారూ, ఈయనొస్తే నాకు పబ్లిక్ పరీక్షేనండి. నా పంపు క్లిక్‌మని ఆగినా ఈయన ఆగరు."

నిజమే. త్రిమూర్తులు బండిని సెంటర్ స్టాండ్ వేశాడు. పంపు ముక్కుని ట్యాంకు గొంతులో ఓ పక్కకి ఆనించి, నురగ రాకుండా సన్నగా పోయించాడు. పంపు క్లిక్‌మంది. అప్పుడు బండిని రెండు చేతులా పట్టుకుని ఎడమకీ కుడికీ మెల్లగా ఊపాడు. లోపల మూల దాక్కున్న గాలి బుడుక్కున పైకొచ్చింది. మట్టం వేలెడు దిగింది. మళ్లీ కాసిని. మళ్లీ ఊపు. ఆఖర్న ఒంగి, కన్ను ట్యాంకు అంచుకి సమానంగా పెట్టి, చెయ్యి పైకెత్తి — శ్రీదుర్గతో మెల్లగా అన్నాడు.

"ఆగు... నిండనీ."

జూన్ నెల ఉక్కలో నాకు వెన్ను చల్లబడింది. తను అన్నవి చిట్టియ్య మాటలేనని అతనికి తెలిసినట్టు లేదు.

పెట్రోలు అంచుదాకా వచ్చి కన్నీళ్లు నిండిన కన్నులా నిలబడింది. ఒక్క చుక్క ఒలకలేదు. మూత బిగించాడు.

ముందు త్రిమూర్తులు, వెనక చేపల పెట్టె, మధ్యలో నేను. కాలువకి కొత్తగా నీళ్లు వదిలారు. గట్టు పొడుగునా కప్పలు. రోడ్డు మీద మేం తప్ప ఎవరూ లేరు. ఆరో కిలోమీటరు... ఏడు...

లాకు మలుపు తిరగ్గానే ఇంజను దగ్గింది.

లైటు సన్నగిల్లింది. ఇంకోసారి దగ్గి — ఆగిపోయింది.

కప్పలు కూడా ఒక్కసారి ఊరుకున్నాయి.

"వచ్చారండి" అన్నాడు త్రిమూర్తులు, పెదాలు కదిలీ కదలకుండా.

కూలిన ఇల్లు నల్లగా కనిపిస్తోంది. లాకు గదిలో నీళ్లు తలుపుని ఒరుసుకుంటూ ఏదో గొణుగుతున్నాయి. త్రిమూర్తులు మూత తిప్పాడు.

స్స్‌స్స్‌స్...

నిజం చెప్పాలి. ఇరవై రెండేళ్ల సైన్సులో ఒక్క ముక్క నాకు గుర్తు రాలేదు. ఆంజనేయస్వామి మాత్రం వెంటనే గుర్తొచ్చాడు. త్రిమూర్తులు భుజాన్ని ఎప్పుడు పట్టుకున్నానో తెలీదు. "మెల్లగండి, గోళ్లు దిగుతున్నాయ్" అన్నాడు.

ఆ మాటతో బుర్ర కాస్త పనిచేసింది. పీల్చింది... వదల్లేదు. గాలి బయటికి రాలేదు, లోపలికి వెళ్లింది!

"ఆ మూత ఇటివ్వు."

ఫోను లైటు వేసి చూశాను. ట్యాంకు మూతకి గాలాడటానికి ఓ సన్నటి కన్నం ఉండాలి. ఉండాల్సినచోట బూడిదరంగు ముద్ద గట్టిపడి ఉంది. నీళ్ల పైపులు కారితే అతికిస్తారే, ఆ ముద్ద.

"ఇదేంటయ్యా?"

"అదాండి? నెలయింది. నిండుగా పోయించిన రోజు గతుకుల్లో ఆ కన్నంలోంచి చుక్కా చుక్కా చిమ్మేది. అమ్మాయే మూసింది."

"అది లేకపోతే బండి ఎలా నడుస్తుంది? పెట్రోలు కిందికి దిగాలంటే దాని చోట్లోకి గాలి రావద్దూ? నూనె డబ్బాకి రెండో కన్నం ఎందుకు పెడతారు?"

"ఒక్క కన్నమైతే గుటకలేస్తుంది కదండీ..." అంటూనే ఆగిపోయాడు. నోరు తెరుచుకుంది.

"అంతే! ట్యాంకు సగముంటే లోపల బోలెడు గాలి ఉంటుంది, దాంతో చాలాదూరం లాక్కొస్తుంది. నువ్వు ఊపి ఊపి ఉన్న గాలంతా తీసేసి, పైన కన్నం కూడా మూసేస్తే — ఎనిమిది కిలోమీటర్లకే ఊపిరాడదు. నువ్వు మూత తీస్తే గాలి పీల్చుకుంటోంది. దమ్ము లాగుతున్నది నీ బండే. పెట్రోలు ధారపోయడానికీ నువ్వు మూత తీయాలి కదా, అందుకే మొక్కు ఫలించింది!"

చాలా గొప్పగా చెప్పాననుకున్నాను. త్రిమూర్తులు మొలతాడుకున్న పిన్నీసు తీసి ఇస్తూ, ఎంతో మర్యాదగా అన్నాడు.

"మరి మీరే చెప్పారంటగదండీ? ట్యాంకు మూతకి కన్నం ఉంటుంది, పెట్రోలంతా అందులోంచే ఆవిరై పోతుంది అని. మాస్టారు చెప్పారని చెప్పి మరీ మూసింది."

కప్పలు మళ్లీ మొదలెట్టాయి. నవ్వుతున్నట్టే అనిపించింది.

పిన్నీసుతో ఆ ముద్ద ఊడబెరికాను. తణుకు దాకా బండి ఆగలేదు. త్రిమూర్తులు అంతటితో నమ్మలేదు. అక్కడ మళ్లీ అంచుదాకా నింపించి, తిరుగుదారిలో లాకు మీదుగా ఇంటిదాకా తెచ్చాడు. ఆగలేదు. కన్నం మీద చిన్న దూదిపింజ పెట్టుకుని, "చిమ్మితే ఇది పీల్చుకుంటుందిలెండి, గాలీ ఆడుతుంది" అన్నాడు. ఆ ఉపాయం నాకు తట్టలేదు.

ఇంటి దగ్గర రమ్యశ్రీ నా మాటలన్నీ శ్రద్ధగా విని, నోట్సు తెచ్చి చూపించింది. మార్చి నెల పాఠం. ఆవిరి బయటికి పోతుందని నా మాటలే రాసి ఉన్నాయి.

"గాలి లోపలికి వెళ్లాలని మీరు చెప్పలేదండి. బెల్లు కొట్టేశారు. మిగతాది రేపు చెప్తానన్నారు."

మర్నాడు రివిజన్ మొదలుపెట్టేశాను. ఆ 'రేపు' రాలేదు. సగం పాఠం బడి దాటి వెళ్లి, లాకు దగ్గర నిలబడి బళ్లు ఆపుతోంది. పాపం చిట్టియ్య పేరు పాడైంది.

శుక్రవారం త్రిమూర్తులు తనే వెళ్లి కూతుర్ని కాలేజీలో చేర్పించాడు. ఇప్పుడు మంగళవారాలు నిండు ట్యాంకుతో, రమ్యశ్రీని వెనకెక్కించుకుని ఆ లాకు దాటుతున్నాడు. దాటేముందు మాత్రం ఒక్క నిమిషం ఆగి గట్టు మీద బీడీ పెడతాడట. "ఇన్నాళ్లూ ఆయన మీద నింద వేశాను కదండీ, క్షమాపణగా" అంటాడు.

మొన్న మంగళవారం పొద్దున్నే తణుకు వెళ్తూ లాకు దగ్గర దిగి చూశాను. గట్టు మీద బీడీ ఉంది. సగం కాలి ఉంది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లి త్రిమూర్తుల్ని అడిగాను.

"నేను వెలిగించనండి. పెట్రోలు కదా!"

రమ్యశ్రీ నోట్సు మూసి నా మొహంలోకి చూసింది. "మరి ఎవరు కాల్చారండి, మాస్టారూ?"

ఏ పశువులు తోలుకెళ్లేవాడో అయ్యుంటాడని నోటిదాకా వచ్చింది. కానీ నేను చూడలేదు కదా.

"తెలీదమ్మా" అన్నాను. సగం తెలిసిన పాఠాలు చెప్పడం మానేశాను.