గాలిసందులో గొంతు

పోర్ట్ సయీద్‌లో చేపల మార్కెట్ వెనక ఒక పాత ఐదంతస్తుల ఇల్లుంది. దాని మూడో అంతస్తులో చివరి గదిని అద్దెకి తీసుకొమ్మని మా వీధిలో ఎవరూ చెప్పరు. రాత్రిపూట అక్కడ పాట పెడితే... ఒక ఆడగొంతు తోడు కలుస్తుందట. పాట ఆపితే అదీ ఆగుతుందట. ఐదేళ్లలో ముగ్గురు సామాన్లు సర్దుకుని పోయారు.

రిఫాత్ మాత్రం ఆ గదే తీసుకున్నాడు. పగలు రేవులో గుమాస్తా. రాత్రిళ్లు, వీధి గోల సద్దుమణిగాక, జనం పాటలు రికార్డు చేసి మిక్స్ చేసి ఇచ్చేవాడు. ఇదంతా కాఫీ దుకాణంలో అతను నాతో చెప్పిందే.

మొదటి మూడు నెలలూ ఏమీ వినపడలేదు. అప్పుడతని దగ్గరున్నవి చెవుల్ని పూర్తిగా మూసేసే హెడ్‌ఫోన్స్. మిక్సింగ్‌కి కూర్చుంటే వాటిలో అంతా డబ్బాలో మోగినట్టుండేది.

"పాడేవాళ్లకి అవే ఉంచన్నా, చెవిలో మోగేది మైకులోకి పోదు," అన్నాడు సౌండు సామాన్ల కొట్టు మిలాద్. "మిక్సింగ్‌కి వెనక జాలీ ఉన్నవి తీసుకో. పాట ఎదురుగా పాడినట్టే ఉంటుంది. కాకపోతే లోపలి చప్పుడు బయటికి పోతుంది, బయటిది లోపలికొస్తుంది. ఒంటరి కాపురమేగా, ఎవరికి ఇబ్బంది?"

కొన్నాడు.

ఆ వారమే బయూమీ బాబాయ్ వచ్చి పాడాడు. డెబ్బై దాటిన రేవు పాటగాడు. గొంతులో గడ్డ. బుధవారం పొద్దున ఎనిమిదింటికి ఆపరేషన్. తర్వాత మాటైనా మిగులుతుందో లేదో చెప్పలేమన్నారు డాక్టర్లు.

"నన్ను లోపలికి తీసుకెళ్లేముందు ఒక్కసారి నా పాట విననీరా," అన్నాడు.

మంగళవారం రాత్రి. ఉక్కగా ఉందని రిఫాత్ వెనకింటికీ ఈ ఇంటికీ మధ్య ఇరుకు గాలిసందు వైపు కిటికీ తెరిచాడు. కొత్త హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాడు. బాబాయ్ గొంతు బలహీనం కాబట్టి సౌండు బాగా పెంచాడు.

రెండో చరణం దగ్గర... ఇంకో గొంతు.

సన్నగా, వణుకుతూ, బాబాయ్ వెనకే నడుస్తోంది. ఆడగొంతు.

పాట ఆపాడు. అదీ ఆగింది — ఒక్క అక్షరం ఆలస్యంగా.

మళ్లీ పెట్టాడు. మళ్లీ వచ్చింది.

రికార్డింగులో పడిందేమో అనుకున్నాడు. పాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదే చోటు విన్నాడు. బాబాయ్ ఒక్కడే. జాలీవి పెట్టాడు... ఆమె.

పాటలో లేదు. అంటే — గదిలో ఉంది.

లేచి తలుపు దాకా వెళ్లాడు. గొళ్లెం మీద చెయ్యి వేశాడు. టైము మూడు దాటింది. పని సగం కూడా కాలేదు. ఇప్పుడు పోతే బాబాయ్‌కి ఏం వినిపిస్తాడు?

చెయ్యి తీసేశాడు.

పాట పెట్టి, హెడ్‌ఫోన్స్ మెడ మీదికి దించుకున్నాడు. జాలీలోంచి పాట సన్నగా బయటికి కారుతోంది. ఆ గొంతు... ఎడమ నుంచి. కిటికీ నుంచి.

ఒక అడుగు. ఇంకో అడుగు. పాట ఆపాడు.

ఆ గొంతూ ఆగింది.

చీకట్లోంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో —

"మళ్లీ ఆపేశావా? మీరంతా ఇంతే. సగంలో ఆపేసి పారిపోతారు."

రిఫాత్ కిటికీలోంచి చీకట్లోకి వంగాడు. "ఎవరమ్మా... నువ్వు?"

"నర్గిస్‌ని. వెనకింటిదాన్ని. మా మేనల్లుడు నాకు ఇక్కడ, మా ఇంట్లో, మంచం వేశాడు, సందు వైపు కిటికీకి ఆనించి. ఎనిమిదేళ్లయింది లేచి." కాసేపు ఆయాసపడింది. "రోజుకో రొట్టె ముక్క పెట్టి పోతారు, మాట్లాడరు. పాట వినపడితే పాడతాను. తప్పా?"

వెనకింటి గుమ్మం అవతలి వీధిలోకి. అక్కడొక ముసలామె ఉందని మా వైపు ఎవరికీ తెలియదు.

"తప్పు కాదమ్మా," అన్నాడు రిఫాత్.

"ఆ పాడేవాడెవడోగాని, గొంతులో ఏదో ఉంది నాయనా. డాక్టరుకి చూపించమను."

"పొద్దున్నే... చూపిస్తున్నామమ్మా."

"అయితే ఆపకు. చివరిదాకా విననీ."

రిఫాత్ హెడ్‌ఫోన్స్ తీసి, కిటికీ గట్టు మీద ఆమెవైపు తిప్పి పెట్టాడు. సౌండు పూర్తిగా పెంచి, పాట మొదటి నుంచి పెట్టాడు. అది అయ్యాకే మళ్లీ పనిలో కూర్చున్నాడు.

ఏడున్నరకి ఆసుపత్రి మంచం మీద బాబాయ్ కళ్లు మూసుకుని పాటంతా విన్నాడు.

"ఇంకెవరైనా విన్నార్రా?" అన్నాడు, గుసగుసగా.

"ఒకావిడ విన్నది బాబాయ్. నీతో కలిసి పాడింది కూడా."