కాటమోరి కాడ ఆగొద్దు

బోధన్ చెరుకు పొలాల్లో, నిజాంసాగర్ కాలువ నుంచి పిల్లకాలువ చీలే చోట బండ్లు దాటే చిన్న వంతెన, ఒక మోరి ఉంది. దాని పక్కన ఒకప్పుడు చెరుకు తూచే కాటా నడిచేది. అందుకే కాటమోరి అన్నారు. కాటా మూతపడి చాలా ఏళ్లయింది. పైకప్పు లేని గది, తుప్పు పట్టిన ఇనుప పలక, చుట్టూ సర్కారు తుమ్మ... అంతే మిగిలింది. పగలు మేకలు మేస్తాయి. పొద్దు గూకితే మేకలు కూడా నిలవవు.

కాటా నడిచే రోజుల్లో ఒకామె బండెడు చెరుకుతో వచ్చి, వంతు కోసం మూడు రాత్రులు కాచుకుందట. మూడో రాత్రి చలికి బండి కిందే ముడుచుకుని పడుకుంది. ఎడ్లు బెదిరాయి... చక్రం ఆమె మీంచి పోయింది. తెల్లారి ఆమె వంతు వచ్చింది. పిలిస్తే పలికే మనిషి లేదు.

అప్పటి నుంచి రాత్రిపూట తెల్లగా నిలబడి, వచ్చే బండికల్లా చెయ్యి ఊపుతుందట. ఆగినవాడికి తన వంతు అంటగడుతుందట.

కనుక బండ్లు నడిపేవాళ్లలో ఒక కట్టుబాటు పుట్టింది. నిజామాబాద్‌లో ఉండే భోజన్న తన పెద్ద బిడ్డ వినీతకు స్టీరింగు పట్టడం నేర్పిన నాడే ఆ మాటా నేర్పాడు.

"ఆడ చెయ్యి ఊపితే ఆగకు బిడ్డా. రేసు తొక్కు. ఎనుకకు సూడకు."

భోజన్నది బీడీల కార్ఖానా వ్యాను. ఊళ్లల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఆకు, తంబాకు చేర్చాలి. చుట్టిన కట్టలు వెనక్కి తేవాలి. పోయినేడు ఆయనకు ఎడమ కాలూ చెయ్యీ పడిపోతే వినీత ఆ సీటెక్కింది. ముప్పై ఏళ్ల మనిషి. నోరు పెద్దది. బండి నడపడం ఆమెకు కష్టం కాలేదు. దారి అడగడమే కష్టమైంది.

ఏ చౌరస్తాలో అద్దం దించినా ఒకటే తంతు. "ఎవరి బిడ్డవు?" "బాపు రాలేదా?" "ఇంట్ల మొగోళ్లు లేరా?" ఇవన్నీ అయ్యాక గానీ దారి చెప్పరు. చెప్పినా సగం తప్పే. సిరికొండ దిక్కు పోయిన రోజు ఒకడు నవ్వుతూ చూపిన బాట గుట్ట మీదికెక్కి ఆగిపోయింది. దిగి వచ్చేసరికి వాడింకా అక్కడే, దోస్తులతో ఇకఇక నవ్వుతూ ఉన్నాడు. వినీత తిట్టిన తిట్లకు వాడి చేతిలో చాయ చల్లారిపోయింది.

మర్నాడే ఆమె గాంధీచౌక్ దగ్గరి దుకాణానికి పోయి, దారి చెప్పే డబ్బా చూపెట్టమంది.

దుకాణం నడిపే భానుప్రసాద్ రెండు డబ్బాలు ముందు పెట్టాడు. అరచేతి కంటే కొంచెం పెద్ద తెర. రబ్బరు గిన్నెతో ముందద్దానికి అతుక్కుంటుంది.

"ఫోన్ల మ్యాపు ఉండంగ గిదెందుకు?" అంది వినీత.

"సిగ్నలు పోతే ఫోను మూగదక్కా. దీనికి సిగ్నలుతోని పని లేదు. ఊళ్లు, రోడ్లు అన్ని లోపట్నే ఉంటయి. నువ్వు ఏడున్నవో పైన ఉపగ్రహాలు చెప్తయి."

"రెండిట్ల ఏది మంచిది?"

"ఇది కొత్తది, మ్యాపు కూడ కొత్తది. గీ పాతది సగం ధరకే వస్తది. తెర పెద్దగ, గొంతు తెలుగుల. గని దీంట్ల మ్యాపు రెండేండ్ల కిందిది. కంప్యూటరుకు పెట్టి కొత్తది ఎక్కియ్యాలె. రెండు గంటలు కూసోవాలె."

"రెండు గంటలా? రెండేండ్లల్ల రోడ్లకేమన్న కాళ్లొచ్చి నడుస్తయా?"

"నడవయక్కా. కొట్టుకపోతయి." అతను మంచికే అన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "పోనీ... ఇంట్ల ఎవరన్న మొగోళ్లకు ఒక్కసారి సూపెట్టి..."

మాట పూర్తి కాలేదు. వినీత పాత డబ్బా సంచిలో వేసుకుని మెట్లు దిగింది. ఆ కోపంలో రెండు గంటల పని దుకాణంలోనే ఉండిపోయింది.

ఆరు నెలలు అది బాగానే పని చేసింది. "కుడి వైపు తిరగండి." "నేరుగా వెళ్ళండి." ఎంత మర్యాద గల గొంతు! ఎదురు ప్రశ్న వేయకుండా జవాబు చెప్పే ప్రాణి లోకంలో ఇదొక్కటే అని తండ్రితో అనేది.

పుష్యమాసంలో ఒక రాత్రి, పది దాటాక ఫోను మోగింది. చెల్లెలు అంకిత బోధన్‌లో కాన్పుకు చేరింది. ఫోను చేసింది అంకిత భర్త మహేష్.

"వదినా... పిల్ల మంచిగనే ఉంది. అంకితకే రక్తం ఆగుతలేదు. బి నెగెటివ్ గావాలె, ఈడ లేదు. నిజామాబాద్ బ్లడ్ బ్యాంకుల రెండు సంచులున్నయట. మనిషిని కదిలియ్యొద్దు అంటున్నరు. గంటన్నరల తేవాలె వదినా..."

రెండు సంచులు, ఐసు పెట్టె. పెట్టెను పక్క సీట్లో పెట్టి, చున్నీతో సీటుకు కట్టి, వినీత బయలుదేరింది.

సగం దూరం పోయాక బండ్లు నిలిచిపోయాయి. చెరుకు ట్రాలీ రోడ్డుకడ్డంగా బోల్తా పడింది. గడలన్నీ రోడ్డు నిండా. ముందు లారీలు, వెనక లారీలు. క్రేను రావాలి అన్నారు. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఇరవై నిమిషాలు అక్కడే కరిగిపోయాయి.

రోడ్డు పక్కన చలిమంట. దాని చుట్టూ నలుగురు. ఒకడు వంగి చూశాడు. "ఒక్కదానివేనా అమ్మా? ఇంత రాత్రి ఎటు? ఎంబడి ఎవరు లేరా?"

వినీత అద్దం ఎత్తేసింది.

ఆ నలుగురినీ ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాళ్లు. వాళ్లది ఆ పక్క ఊరే. కానీ ఆమె వాళ్లను అడగలేదు. డబ్బాను అడిగింది. వేరే దారి చూపమని మీట నొక్కింది. అది ఒక్క క్షణం ఆలోచించి, కాలువ గట్టు వెంట సన్నటి గీత గీసింది. పంతొమ్మిది నిమిషాలు, అంది.

లారీల సందులోంచి వెనక్కి తీసి, గట్టెక్కింది.

కుడి పక్కన మనిషి ఎత్తు చెరుకు. ఎడమన కాలువ... యాసంగి పంటకు వదిలిన నీళ్లు నిండుగా పోతున్న చప్పుడు. మంచు ఎంత దట్టమంటే, దీపాల వెలుగు పది గజాలు పోయి గోడకు తగిలినట్టు ఆగిపోతోంది. ఫోనులో సిగ్నలు పోయింది. ఎదురుగా ఒక్క బండి లేదు. కొత్త టైరు జాడ కూడా లేదు.

"నేరుగా వెళ్ళండి."

మంచులో ఒక మొండి గోడ కనబడింది. పైకప్పు లేదు. దాని పక్కన ఇనుప పలక...

వినీత స్టీరింగు మీదికి వంగి చూసింది. కాటా. ఇది కాటమోరి.

"రెండు వందల మీటర్లు నేరుగా వెళ్ళండి."

అప్పుడు కనబడింది.

గట్టు మీద... దారి అంచున... తెల్లగా. తల నుంచి మోకాళ్ల దాకా తెలుపు. కింద కాళ్లు లేవు. పక్కన పసుపుపచ్చటి వెలుగు చుక్క ఊగుతోంది. మెల్లగా — చాలా మెల్లగా — ఒక చెయ్యి పైకి లేచింది.

ఊపింది.

*రేసు తొక్కు బిడ్డా. ఎనుకకు సూడకు.*

కాలు దానంతట అదే తొక్కింది. ఇంజను గుర్రుమంది. ఆ ఊపుకు పక్క సీట్లో ఐసు పెట్టె జరిగి, చల్లగా ఆమె మోచేతికి తగిలింది.

ఏమైందో తర్వాత ఆమెకే సరిగా తెలియదు. ఆ చల్లదనం తగలగానే చెల్లెలు గుర్తొచ్చింది. దాంతో అప్పటిదాకా ఉన్న భయం మంటయింది. ట్రాలీ అడ్డం. లారీలు అడ్డం. చలిమంట కాడి మొగోళ్లు అడ్డం. ఇప్పుడు ఇది... చచ్చినది కూడా!

రెండు కాళ్లతో బ్రేకు తొక్కింది. వ్యాను కంకర మీద కొట్టుకుంటూ పోయి నిలబడింది. సీటు కింది నుంచి జాకీ రాడ్డు లాక్కుని దిగింది.

"ఎవత్తెవే నువ్వు? బతికున్నోళ్లు అడ్డం బడ్డది సాలదా, సచ్చినదానివి నువ్వు గూడ మోపైనవా? ఆడ నా చెల్లె సావుబతుకుల ఉంది! వంతు గావాలెనా నీకు, వంతు? రా, ఇస్త..."

తెల్లనిది కదల్లేదు.

కాలువ చప్పుడు... ఇంకేమీ లేదు.

అప్పుడు దయ్యం దగ్గింది. పొడి దగ్గు, చలికాలపు దగ్గు.

"తిట్టుడు అయిందా?" అంది గొంతు తగ్గించి. "అయితే గా పెడ్డ తీసుకొని నీ బండి ముంగటికి ఇసురు."

"ఎందుకు?"

"ఇసురు పిల్లా."

వినీత మట్టిపెడ్డ తీసి, దీపాల వెలుగు ఆగిపోయే చోటికి విసిరింది. రోడ్డు మీద పడే చప్పుడు కోసం చూసింది.

రాలేదు.

...బుడుంగ్.

వ్యాను ముందు చక్రాలకు ఆరడుగుల అవతల రోడ్డు లేదు. మంచు మాత్రమే ఉంది. దాని కింద, ఎక్కడో లోతున, సుడులు తిరిగే నీళ్లు.

వ్యాను లోపలి నుంచి మర్యాద గల గొంతు వినబడింది. "నేరుగా వెళ్ళండి."

వినీత రాడ్డు కింద పెట్టింది.

ముసలామె దగ్గరికొచ్చి టార్చి తన మొఖం మీద వేసుకుంది. చలికి నెత్తి మీంచి కప్పుకున్నది యూరియా బస్తా. కాళ్లు గడ్డిలో ఉన్నాయి. చెప్పుల్లేని మామూలు కాళ్లు.

"నేను హన్మవ్వను. కాలువ లస్కరు పెండ్లాన్ని. నీళ్లు ఇడిసిపెట్టే పని ఆయినది. ఆయిన పోయిండు. గా ఎనుక క్వాటర్ల నేనొక్కదాన్నే ఉంట. మొన్న వానకాలం మోరి తెగిపోయింది. ఊరోళ్లందరికి ఎర్కే, ఇటు రారు. గిసొంటి డబ్బలు సూపెట్టంగ పరాయోళ్లే వస్తరు."

"అడ్డం ఏమన్న పెట్టొద్దా అవ్వా?"

"ముండ్లకంప పెట్టిన. పొయిలకు ఎత్తుకపోయిండ్రు. బండలు పెట్టిన. గండిల ఇసుక తోడే ట్రాక్టరోళ్లు దొర్లించిండ్రు. కాలువ ఆఫీసుకు పోయి చెప్పిన. పో ముసల్దానా అన్నరు. ఇగ నేనే నిలవడుతున్న."

"ఎవరన్న... పడ్డరా?"

"ముగ్గురు."

"వాళ్లకు చెయ్యి ఊపలేదా?"

హన్మవ్వ గండి దిక్కు చూసింది. టార్చి ఆర్పేసింది. చీకట్లో గొంతు మాత్రం వచ్చింది.

"ఊపిన బిడ్డా. అందరికి ఊపిన. గీ జాగ ముచ్చట తెల్వనోళ్లు ఆగిండ్రు, వాళ్లు బతికిండ్రు. తెల్సినోళ్లే... నన్ను సూసి రేసు తొక్కిండ్రు."

వినీత తన కుడి కాలు దిక్కు చూసుకుంది. ఇందాక రేసు తొక్కింది ఆ కాలే.

"ఊపకుంటె తెల్వక పోతరు. ఊపితె ఉరికి పోతరు. ఏం జెయ్యాలె చెప్పు?" హన్మవ్వ ముక్కు చీది లేచింది. "నడువు. చెల్లె ఆడ సావుబతుకుల ఉందంటివి."

గట్టు మీద బండి తిప్పే జాగా లేదు. వినీత కాటా గది దాకా వెనక్కే నడిపింది. వెనకద్దంలో ఆ తెల్లటిది వెనక్కి నడుస్తూ, టార్చి ఊపుతూ, "రా... రా... కాలువ దిక్కు కొట్టకు... రా" అంటూ దారి చూపింది. చూసినవాడెవడైనా ఉంటే అక్కడే గుండాగి పడేవాడు. డబ్బా ఒకటే గోల. "వీలైన చోట వెనక్కి తిరగండి." వినీత దాన్ని అద్దం నుంచి పీకి వెనక్కి విసిరేసింది.

కాటా పక్క నుంచి చెరుకు తోటల్లో పాత ఎడ్లబండ్ల బాట ఉంది. ఏ మ్యాపులోనూ లేదు. హన్మవ్వ ఐసు పెట్టెను ఒళ్లో పెట్టుకుని, బోధన్ రోడ్డు దాకా ఒక్కో మలుపూ చెప్పింది. ఎవరి బిడ్డవని అడగలేదు. మొగోళ్లేరని అడగలేదు.

పెట్టె వేళకు చేరింది. తెల్లారేసరికి అంకిత కళ్లు తెరిచి బిడ్డను అడిగింది.

అక్కడితో వినీత కోపం చల్లారలేదు. అసలు అప్పుడే రాజుకుంది.

కాలువ ఆఫీసుకు పోయింది. "బోర్డు పెట్టినం గదమ్మా" అన్నారు. "ఏది?" అంది. "దొంగలు ఎత్తుకపోయిండ్రు." "ఇంకోటి పెట్టరా?" "ఆడ దయ్యం తిరుగుతదట. మా స్టాఫు పోరు."

భానుప్రసాద్ దుకాణంలో రెండు గంటలు కూర్చుని కొత్త మ్యాపు ఎక్కించుకుంది. తెర మీద వేలు పెట్టి చూస్తే ఆ గీత ఇంకా మోరి దాటుకుని నిమ్మళంగా పోతూనే ఉంది. ఎవరూ చెప్పకపోతే మ్యాపు చేసేవాళ్లకు ఎట్లా తెలుస్తుందక్కా అన్నాడతను. ఇద్దరూ కూర్చుని రాసి పంపారు. జవాబు రాలేదు.

ఇంటికొచ్చి తండ్రి మంచం పక్కన నిలబడింది.

"బాపూ, రేసు తొక్కు అన్నవు సూడు... గా మాట ఇంకెవ్వలకు నేర్పకు."

సంగతంతా విని భోజన్న కుడి చేత్తో మొఖం కప్పుకున్నాడు. "మా నాయిన గట్లనే నేర్పె బిడ్డా" అన్నాడు.

మోరి ఇంకా కట్టలేదు. కాటమోరి పేరు మాత్రం మునుపటి కంటే పాడయింది. అక్కడ ఇప్పుడు ఒకటి కాదు, రెండు దయ్యాలున్నాయని చెప్పుకుంటున్నారు. ఒకటి ముసలిది. బస్తా మీద, లారీల వెనక అంటించేలాంటి ఎర్ర పట్టీలు మెరుస్తుండగా చెయ్యి ఊపుతుందట. రెండోది పడుచుది. బీడీల బండి బోధన్ దిక్కు వచ్చే రాత్రుల్లోనే కనబడుతుందట. అది చెయ్యి ఊపదు. ఇనుప రాడ్డు పట్టుకుని రోడ్డు నడుమ నిలబడి, వచ్చేవాడి ఏడు తరాలనూ తిడుతుందట.

చెయ్యి ఊపితే రేసు తొక్కే మొగోడు తిట్టు పడితే మాత్రం ఊరుకోడు. బ్రేకు తొక్కుతాడు. తిరిగి తిట్టడానికి తలుపు తీసుకుని దిగుతాడు. నోరు తెరుస్తాడు...

అప్పుడు చూస్తాడు, ముందర రోడ్డు లేదని.