టాంకు ఎక్కడ పుట్టింది?

“మృణాళిని బతికే ఉంది,” అన్నాడు చీఫ్ రంగనాథం.

ఏజెంట్ భాష్యం తలూపాడు. పడవ మునిగి చనిపోయిందనుకుని రెండేళ్ల కింద తాను కర్మ చేసిన భార్య ఆమె. ఇంత కబురు విన్నా మనసులో ఏమీ కదల్లేదు. అందుకే అతనికి కాస్త భయం వేసింది.

“మన దగ్గర పనిచేస్తూనే విదేశీ ముఠాకూ పనిచేసింది. కోడ్ నేమ్ నెమలి. ఇవాళ హార్బర్‌లో విజిటర్స్ డే. మారువేషంలో వచ్చి ఆయిల్ టాంకు పేలుస్తుంది. పక్కనున్న జార్జి టౌన్ సగం బూడిదే! గేటు మూస్తే ఇంకోరోజు వస్తుంది. నువ్వే గుర్తుపట్టాల.”

“ముఖం మార్చుకుంటుంది సార్.”

“బుద్ధి మారదు గదయ్యా.”

మధ్యాహ్నం భాష్యం గడ్డం అతికించుకుని, గైడు వేషంలో విజిటర్లను టాంకు ముందు నిలబెట్టాడు. నర్సులు, సేట్ల ఆడవాళ్లు, మడిచీర కట్టిన ఒక అవ్వ. గేటు దగ్గర కానిస్టేబుల్ ఆమె మరచెంబు మూత తీయబోతే, “తాకబాక నాయనా, మడి!” అని గయ్యిమంది. పాపం, వాడు వెనక్కి దూకాడు. తుపాకీకి ఎదురు నిలిచేవాడైనా మడికి నిలుస్తాడా!

భాష్యం ఎవరినీ పోల్చుకోలేకపోయాడు. ఒక్కటే తెలుసు. ఒకప్పుడు ఇంగ్లీషు లెక్చరరైన మృణాళిని, అన్నం ముందు కూర్చున్నా తప్పు విని ఊరుకునేది కాదు.

“టాంకు అనే మాట మొదటి ప్రపంచ యుద్ధంలో పుట్టింది,” అన్నాడు గొంతు మార్చి, ముక్కుతో. “అది ఇనప యుద్ధబండి పేరు. తర్వాతే నూనె తొట్టికి వచ్చింది.”

“ఎవరు చెప్పినారప్పా నీకు?” అంది అవ్వ. “మాట శానా పాతది. గుజరాతు పక్క నీళ్ల తొట్టికి వాడేవాళ్లు, పోర్చుగీసు మాటా కలిసింది. ఈడ దొరలు చెరువునే టాంకు అనలేదా? యుద్ధబండి గుట్టు దాచాలనే, నీళ్ల తొట్టి చేస్తుండామని బొంకినారు. ఆ దొంగ పేరే...”

టక్కున ఆగిపోయింది.

భాష్యం చెంబు లాక్కుని చెవికి ఆనించాడు. టిక్ టిక్. పరుగెత్తి సముద్రంలోకి విసిరాడు. ఢామ్మని నీళ్లు తాటిచెట్టంత లేచాయి. అతని గడ్డం ఊడి వేలాడింది.

బేడీలు పడుతుంటే మృణాళిని అతన్ని ఎగాదిగా చూసింది. “మీరా! తెలిసే తప్పు చెప్పినారా?”

“అవును.”

“తెలిసి చెప్పినా తప్పు తప్పే.”

అతనికి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. జీపు వెళ్లిపోయేదాకా చూస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం రంగనాథం మెల్లగా అడిగాడు. “బాగుండావా?”

“తెలియడం లేదు సార్. ఏడేళ్ల కాపురంలో ఆమె మీద వాదనలో గెలవడం ఇదే మొదటిసారి. అదీ తప్పు చెప్పి.”