బోరుకొచ్చిన ఇంజను

కంబదూరులో కళ్యాణదుర్గం రోడ్డు పక్కన నాదొక చిన్న మెకానిక్ షెడ్డు. 2002లో శ్రావణమాసం సగమైనా చినుకు లేదు. వేరుశనగ మొలిచినచోటే మాడిపోయింది.

నాకు ఇద్దరు కొడుకులు. ప్రవీణ్‌కు పదకొండేళ్ళు, ఆనంద్‌కు ఏడు. వాళ్ళమ్మ పోయాక ఇద్దరినీ బెంగుళూరు హాస్టల్లో వేశాను. చదువుకోసమని అందరికీ చెప్పాను. నిజానికి భయంతో పంపాను. మా వైపు ఏ చేన్లో చూసినా నీళ్ళు పడని బోర్లే. కేసింగు పైపు ఇంకో బోరుకు పనికొస్తుందని పీకేస్తారు. గుంతమీద గోనెసంచి పరిచి నాలుగు రాళ్ళు పెడతారు. ఆడుకునే పిల్లలకు అది కనబడదు. అక్కడైతే గోడలుంటాయి, కాపలావాడుంటాడు అనుకున్నాను. ప్రతి ఆదివారం సాయంత్రం ఐదింటికి ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసి, తిన్నారా, గేటు దాటలేదు కదా అని అడిగేవాణ్ణి. అడిగిందే మళ్ళీ అడుగుతానని ప్రవీణ్ విసుక్కునేవాడు.

ఆ నెలలోనే తిప్పన్న అనే రైతు ఎద్దులబండి మీద పాత జావా మోటారుసైకిలు తెచ్చి దించాడు. మూడేళ్ళుగా కొట్టంలో పడుండింది. ట్యాంకు నిండా తుప్పు, సైలెన్సరులో ఎలుకల గూడు. పక్కన టీ కొట్టు మారెక్క తొంగిచూసి, "దీన్ని పాతసామాన్లోనికి ఏస్తే రెండు శేర్లు ఎర్రగడ్డలన్నా వచ్చుండు కదప్పా" అంది. తిప్పన్న నవ్వలేదు.

సిలిండరు విప్పి లోపల వేలితో తడిమాను. నిండా గీతలు.

"ఇంజను బోరుకొచ్చింది తిప్పన్నా. బోరు కొట్టియ్యాల."

అతని ముఖం పాలిపోయింది.

"ఎంత లోతు?" అని గొణిగాడు.

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఇది సిలిండరు సంగతని, అనంతపురం లేత్‌లో లోపల సన్నగా కోయించి, కొంచెం పెద్ద పిస్టన్ వేస్తారని నచ్చజెప్పాను. అప్పుడే గుర్తొచ్చింది, ఇతను హర్ష తండ్రి. మూడేళ్ళ కింద, తిప్పన్న ఈ జావా మీదే చేనికి వస్తుంటే, శబ్దం విని ఆరేళ్ళ హర్ష ఎదురు పరిగెత్తాడు. దారిలో గోనెసంచి మీద కాలు వేశాడు.

వెళ్తూ తిప్పన్న ఒకే మాట చెప్పాడు. తాను లేకుండా బండి స్టార్ట్ చేయొద్దని. సరేనన్నాను.

బిగుసుకున్న పిస్టన్‌ను రెండు రోజులు డీజిల్లో నానబెట్టి ఊడదీశాను. ప్రతి బోల్టునూ కిరసనాయిల్లో కడిగి, డబ్బాల్లో వరసగా పెట్టుకున్నాను. బోరు కొట్టించిన సిలిండరు వచ్చాక కొత్త పిస్టను, రింగులు, గ్యాస్కెట్లు వేసి ఆదివారం మధ్యాహ్నానికి బిగించాను. తిప్పన్న నాలుగింటికి వస్తానన్నాడు.

కానీ పరీక్షించకుండా బండి ఇవ్వడం నాకు చేతకాదు. దారిలో బిగుసుకుంటే? పడితే? ఆ ఆలోచన ఊపిరాడనివ్వలేదు. ఒక్క నిమిషం వింటే చాలనుకున్నాను.

బయట రోడ్డు నిర్మానుష్యం. మారెక్క కొట్టు మూసుకుని పోయింది. ఎండకు రేకులు చిటచిటమంటున్నాయి. మూడో కిక్కుకు ఇంజను అందుకుంది. నీలంపొగ షెడ్డంతా కమ్మింది. కాలిన నూనె వాసన. దాని కింద ఇంకో వాసన... తడిలేని లోతు మట్టి వాసన.

లోపల ఏదో తట్టినట్టు చప్పుడు. పొడుగు స్క్రూడ్రైవరు మొనను సిలిండరుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాను. మేం ఇంజను నాడి చూసేది అట్లే.

టప్... టప్... టప్...

పిస్టను కొట్టుకుంటోందనుకున్నాను. కాదు. ఇంజను వేగంతో అది కలవడం లేదు. వట్టికాళ్ళతో మట్టి మీద ఎవరో పరిగెత్తుతున్నారు. దూరం నుంచి. దగ్గరికి...

తాళం తిప్పాను. ఇంజను ఆగింది.

అడుగులు ఆగలేదు.

స్క్రూడ్రైవరు చెవి నుంచి తీయలేకపోయాను. చెయ్యి కదల్లేదు. అడుగులు బాగా దగ్గరికొచ్చి నిలిచాయి. చిన్న ఊపిరి. ఆయాసం. తర్వాత...

"నాయనా."

వారమంతా ఆ పిలుపు కోసమే కాచుకునే చెవులు నావి. నా బుర్ర ఆపేలోపే నోరు పలికింది.

"ఏం నాయనా."

ఊపిరి చప్పుడు పోయింది. నా లుంగీ అంచును ఎవరో చిన్నగా పట్టుకున్నారు... వదిలేశారు. చూస్తే ఎవరూ లేరు.

తిప్పన్న వచ్చి ఇంజను మీద చెయ్యి పెట్టాడు. ఇంకా వేడిగానే ఉంది. నా వైపు చూడలేదు.

"పిలిచినాడా?"

తలూపాను.

"పలికినావా?"

మళ్ళీ తలూపాను. అతను నేలమీద చతికిలబడ్డాడు. "ఆ దినం వాడు బోరు లోపల్నించి పిలుస్తాంటే నా నోరు పెగల్లేదన్నా. బండి శబ్దం వింటే మళ్ళీ వస్తాడు, ఈసారన్నా పలుకుదామనుకొంటి." లేచాడు. "ఇంగ వాడు నీ కొడుకు. బాగా చూసుకో."

బండిని తాకకుండా నడిచి వెళ్ళిపోయాడు.

ఐదు కాకముందే బూతుకు పరిగెత్తాను. ప్రవీణ్ ఫోన్ తీసుకున్నాడు. తిన్నానన్నాడు. గేటు దాటలేదన్నాడు. నా గుండె కొంచెం నెమ్మదించింది.

"కానీ నాయనా, ఆ పిల్లోన్ని ఎందుకు పంపిస్తివి?"

"ఏ పిల్లోడు?"

"మధ్యాహ్నం వచ్చినాడు కదా. నువ్వే పొమ్మన్నావంట. ఇంగేం మాట్లాడడు. నీళ్ళు తాగుతానే ఉండాడు. కుండ అయిపోతే ఆనంద్‌గాడు వాన్ని సంపు కాడికి పిల్చుకపోయినాడు."

సంపు. నేలలోని నీళ్ళతొట్టి. తమ్ముణ్ణి పిలువు, పరిగెత్తు అని అరిచాను. ఫోన్ పక్కన పెట్టిన చప్పుడు. మీటరు తిరుగుతూనే ఉంది. దూరంగా ఇనప మూత రాయి మీద ఈడ్చినట్టు...

చాలాసేపటికి ఎవరో ఫోన్ ఎత్తారు.

"ఆనంద్ మాట్లాడతాండా."

వాడి గొంతే. "నీకేం కాలేదు కదా నాయనా? ఆ పిల్లోడు యాడ?"

"ఏ పిల్లోడు? ఈడ ఎవురూ లేరే."

మింగుడుపడని గుటక ఒకటి వినిపించింది.

"నాకు శానా దప్పికైతాంది నాయనా."